బడి కమిటీ: సంతకం, బాధ్యత, సహకారం
(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాల తల్లిదండ్రుల కమిటీకి నన్ను చైర్‌పర్సన్‌గా ఎన్నుకున్నారు. నేను ఏడో తరగతి వరకే చదువుకున్నాను. సమావేశాలకు మా ఆయన వెళ్తారు. మినిట్స్ పుస్తకం ఇంటికి పంపిస్తే సంతకం చేసి ఇస్తాను. మరుగుదొడ్లలో నీళ్లు రావడం లేదని మా అమ్మాయి చెప్పినందుకు, బడికి వచ్చిన డబ్బు ఏమైందని ఈ మధ్య అడిగాను. లెక్కలన్నింటి మీదా మీ సంతకమే ఉంది కదమ్మా అన్నారు. నాకున్న అధికారం ఏమిటి? ఇప్పుడు నేనేం చేయాలి?
(శ్రీ సత్యసాయి జిల్లా పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీకు వచ్చిన సమాధానం కటువుగా ఉన్నా, అందులోనే మీ అధికారం ఎంతటిదో తెలుస్తోంది. మీ సంతకం లేనిదే ఆ లెక్క పూర్తి కాదన్న మాట. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పాఠశాలల్లోనూ, ప్రభుత్వ సాయం పొందే పాఠశాలల్లోనూ యాజమాన్య కమిటీ ఉండాలి. మీరు తల్లిదండ్రుల కమిటీ అంటున్నది దీన్నే. అందులో నాలుగింట మూడు వంతుల మంది ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. బడి పనితీరును గమనించడం, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి సిఫారసు చేయడం, ఎక్కడి నుంచి వచ్చిన డబ్బైనా ఎలా ఖర్చవుతోందో పర్యవేక్షించడం ఈ కమిటీకి చట్టం అప్పగించిన పనులు. మన రాష్ట్ర నియమాలు తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను రెండేళ్లకు ఎన్నుకునే పద్ధతి పెట్టాయి. చైర్‌పర్సన్ తల్లిదండ్రుల్లోంచే రావాలి. ప్రధానోపాధ్యాయులు సభ్య కన్వీనర్‌గా, అంటే సమావేశాలు పిలిచే సభ్యులుగా ఉంటారు. ఎన్నికైనది మీరు కాబట్టి సభ్యత్వం మీది. మీ భర్త ఊరిలో ఎంత పలుకుబడి గల వ్యక్తి అయినా, మీ కుర్చీలో కూర్చునే హక్కు ఆయనకు లేదు. మహిళలకు సగం స్థానాలు కేటాయించిన ఉద్దేశమే ఇలాంటి ఏర్పాట్ల వల్ల నీరుగారిపోతోందని చెప్పక తప్పదు.

తర్వాతి సమావేశానికి మీరే వెళ్లండి. పుస్తకాన్ని ఇకపై ఇంటికి పంపవద్దని, తీర్మానాలు సభ్యుల ఎదుటే రాసి, చదివి వినిపించిన తర్వాతే సంతకాలు తీసుకోవాలని మొదటి తీర్మానంగా రాయించండి. ఇంతకుముందు చేసిన సంతకాలను వెనక్కి తీసుకోలేరు కానీ, ఈ ఏడాది వచ్చిన నిధుల క్యాష్ పుస్తకాన్నీ, వోచర్లనూ సభ్యుల ముందు ఉంచాలని కోరుతూ రెండో తీర్మానం చేయవచ్చు. అది పుస్తకంలోకి ఎక్కితే చాలు, మీరు అడిగారన్న దానికి సాక్ష్యం ఉంటుంది. చదువు తక్కువన్న సంకోచం వద్దు. లెక్క అర్థం కాకపోతే అర్థమయ్యేలా చెప్పవలసిన బాధ్యత లెక్క రాసినవారిది.

ఏ డబ్బు గురించి అడగాలో కూడా తెలుసుకుని వెళ్లండి. సమగ్ర శిక్ష పథకం కింద బడి నిర్వహణ ఖర్చుల కోసం ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు ఉంటే 10 వేల రూపాయలు, 100 మంది వరకు 25 వేలు, 250 మంది వరకు 50 వేలు, వెయ్యి మంది వరకు 75 వేలు అని ఆ పథకం మార్గదర్శకాలు పరిమితులు నిర్ణయించాయి. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే వాడాలి. మీ అమ్మాయి చెప్పిన మరుగుదొడ్ల సమస్య నేరుగా దీని కిందికే వస్తుంది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: గ్రాంటు విడతలుగా, ఆలస్యంగా రావడం, ఈలోగా సుద్దముక్కల దగ్గర నుంచి మోటారు మరమ్మతు దాకా ప్రధానోపాధ్యాయులే చేతి డబ్బు పెట్టుకోవడం చాలా బడుల్లో ఉన్నదే. కాబట్టి అనుమానంతో మొదలుపెట్టకుండా, ఎంత మంజూరైంది, ఎంత చేతికి వచ్చింది, ఎంత బాకీ ఉందని ఆ వరుసలో అడగండి. డబ్బు నిజంగానే రాలేదని తేలితే మీరూ ప్రధానోపాధ్యాయులూ కలిసి మండల విద్యాధికారికి రాయవచ్చు. వచ్చిందని తేలితే అది ఎక్కడ ఖర్చయిందో వోచర్లే చెబుతాయి.

ప్రశ్న: మా బడిలో ఒక ఉపాధ్యాయుడు తరచూ ఆలస్యంగా వస్తున్నారు. కమిటీ సభ్యుడిగా తరగతి గదిలోకి వెళ్లి నిలదీయవచ్చా?
(పల్నాడు జిల్లా పాఠకుడు)

జవాబు: నిలదీయవద్దు. పిల్లల ముందు మాస్టారి మర్యాద పోతే ఆ తరగతిలో ఆ ఏడాది చదువు కూడా పోతుంది. వేళకు రావడం, క్రమం తప్పకుండా హాజరు కావడం ఉపాధ్యాయుల చట్టబద్ధమైన విధి అని విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ చెబుతోంది; అది అమలవుతోందో లేదో చూడడం కమిటీ పనుల్లో ఒకటని 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు కూడా చెప్పాయి. క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం మాత్రం శాఖదే. ముందు ప్రధానోపాధ్యాయులతో విడిగా మాట్లాడండి. ఆలస్యానికి ఊరికి ఉన్న ఒక్కగానొక్క బస్సు కారణం కావచ్చు, పైఅధికారులు అప్పగించిన మరో పని కారణం కావచ్చు. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప విద్యేతర పనులకు ఉపాధ్యాయులను వాడకూడదని 27వ సెక్షన్ అంటోంది కాబట్టి, రెండో కారణమే నిజమైతే కమిటీ ఆ ఉపాధ్యాయుడి పక్షాన నిలబడి తీర్మానం చేయాలి. ఈ పని చేసిన కమిటీలు అరుదు. చేసిన చోట మాత్రం ఉపాధ్యాయులకూ ఊరికీ మధ్య ఉన్న బిగువు సడలుతుంది. ఏ కారణమూ లేదని తేలితే 32వ సెక్షన్ కింద స్థానిక ప్రాధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం గడువు పెట్టింది. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు.

ప్రశ్న: నేను ప్రధానోపాధ్యాయుడిని. సమావేశానికి పిలిస్తే ముగ్గురో నలుగురో వస్తారు. ఎన్నికప్పుడు మాత్రం పార్టీల వారు పోటీపడతారు. సమాజ భాగస్వామ్యం అన్న మాట కాగితానికే పరిమితమా?
(అనంతపురం జిల్లా ఉపాధ్యాయుడు)

జవాబు: ఈ ప్రయత్నం మనకు కొత్తదేమీ కాదు. విద్యాహక్కు చట్టానికి పన్నెండేళ్ల ముందే, 1998లో, పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్యం కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టం చేసింది. అంటే పాతికేళ్లకు పైగా కమిటీలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నింటిలో ఒకే రోజు తల్లిదండ్రుల మెగా సమావేశం పెట్టినప్పుడు బడులు పండుగలా కనిపించిన మాట నిజమే. కానీ ముగ్గులు, ఫొటోలు, ఉపన్యాసాలు ఉన్న రోజున వచ్చిన తల్లి, మామూలు మంగళవారం ఉదయం పదకొండు గంటలకు పెట్టిన సమావేశానికి ఎందుకు రాలేదని అడిగితే జవాబు సులభం. ఆ రోజు ఆమెకు కూలి పోతుంది.

కాబట్టి ముందు మార్చవలసినది వేళ. మీ ప్రాంతంలో పొలం పనుల నుంచి జనం ఇళ్లకు చేరే సాయంత్రం వేళలో, బడిలో వీలుకాకపోతే ఎక్కువ మంది పిల్లలు వచ్చే కాలనీలోని రచ్చబండ దగ్గరే, సమావేశం పెట్టి చూడండి. దళితవాడ పిల్లలే బడిలో ఎక్కువగా ఉండి, సమావేశం మాత్రం ఊరి పెద్దల వీధిలో జరిగితే ఎవరు వస్తారో ఎవరు రారో ముందే తేలిపోతుంది. అణగారిన, బలహీన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు ఉండాలని చట్టం చెప్పింది ఇందుకే. కాగితం మీద చోటు ఇచ్చి, మాట్లాడే చోట ఇవ్వకపోతే ఆ నిబంధన పాటించినట్టు కాదు.

రెండోది, చర్చించే విషయం. పైనుంచి వచ్చిన సర్క్యులర్ చదవడానికే పిలిస్తే రెండోసారి ఎవరూ రారు. తమ పిల్లవాడు మూడో తరగతి పాఠం చదవగలుగుతున్నాడా, ఆడపిల్లలు ఏడో తరగతి తర్వాత ఏ ఊరి బడికి ఎలా వెళ్లాలి, మధ్యాహ్న భోజనంలో పప్పు నీళ్లలా ఎందుకుంది వంటి ప్రశ్నలకైతే తల్లులు తప్పక నోరు విప్పుతారు. ప్రాథమిక తరగతి పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత తరగతుల వారికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్న కొలత గోడ మీద రాయించి, వారానికి ఇద్దరు తల్లులు వంతులవారీగా వచ్చి రుచి చూసే ఏర్పాటు చేయండి. మీ జిల్లా నుంచి పనుల కోసం వలస వెళ్లే కుటుంబాలు ఎక్కువ కాబట్టి, ఏ పిల్లలు ఎప్పుడు ఊరు వదిలే అవకాశం ఉందో ముందుగా తెలిసేది ఉపాధ్యాయులకన్నా ఇరుగుపొరుగుకే. పిల్లవాడిని అవ్వ దగ్గర ఉంచుతారా, సీజనల్ హాస్టల్ కోసం అడగాలా అన్నది వలస బండి ఎక్కకముందే తేల్చుకోవలసిన విషయం. ఈ ఒక్క పనిలో మీకు కమిటీ చేసే సాయం ఏ రిజిస్టరూ చేయలేదు.

పార్టీల సంగతి: పోటీని మీరు ఆపలేరు, ఆపవలసిన పని కూడా మీది కాదు. ఎన్నిక జరిగాక ప్రతి సమావేశపు ఎజెండానూ, గత సమావేశపు ఖర్చునూ నోటీసు బోర్డు మీద పెట్టండి. అందరికీ తెలిసిన లెక్కల చుట్టూ రాజకీయం నడపడం కష్టం.

ప్రశ్న: మా ప్రాథమిక పాఠశాలలో 72 మంది పిల్లలున్నారు. ఉపాధ్యాయులు ఇద్దరే. కమిటీ దీనికి ఏమైనా చేయగలదా?
(శ్రీకాకుళం జిల్లా పాఠకుడు)

జవాబు: చేయగలదు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలి. మీకు ఒకరు తక్కువ. కమిటీ దగ్గర దీనికి ఉన్న సాధనం 22వ సెక్షన్‌లోని అభివృద్ధి ప్రణాళిక. ప్రభుత్వం తన ప్రణాళికలకూ నిధులకూ దాన్నే ఆధారం చేసుకోవాలని ఆ సెక్షన్ చెబుతోంది. నమూనా నియమాల ప్రకారం అది మూడేళ్ల ప్రణాళిక. తరగతుల వారీగా పిల్లల అంచనా, కావలసిన ఉపాధ్యాయులు, గదులు, డబ్బు అందులో రాయాలి. చాలా చోట్ల నిరుటి ప్రణాళికకే తేదీ మార్చి పంపేస్తారు, అందువల్ల దానికి విలువ లేకుండా పోయింది. మీరు అలా చేయవద్దు. దేశంలోని బడుల వివరాలు ఏటా నమోదు చేసే యూడైస్‌కు సెప్టెంబరు 30 నాటి సంఖ్యే ప్రాతిపదిక కాబట్టి, ఆ లోగా పిల్లల పేర్లు, ఆధార్ తప్పులు సరిచూసి 72 మందీ లెక్కలోకి వచ్చేలా చూడండి. తర్వాత తీర్మానం, ప్రణాళిక ప్రతులు మండల విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. అక్టోబరు 2న జరిగే గ్రామసభలో ఇదే విషయాన్ని సర్పంచి చేత తీర్మానం చేయించగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: మా అబ్బాయి ప్రైవేటు బడిలో చదువుతున్నాడు. అక్కడా ఇలాంటి కమిటీ ఉండాలా?
(రాజమహేంద్రవరం పాఠకురాలు)

జవాబు: ప్రభుత్వ సాయం పొందని బడికి 21వ సెక్షన్ వర్తించదు. ఎయిడెడ్ బడి అయితే వర్తిస్తుంది. అది మైనారిటీ సంస్థ అయితే, 2012 సవరణ కమిటీకి సలహా పాత్ర మాత్రమే ఇచ్చింది; మైనారిటీ బడులకు ఈ చట్టమే వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ప్రశ్న: మాది తెలంగాణ. మా బడిలో యాజమాన్య కమిటీతో పాటు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ కూడా ఉంది. మరమ్మతులపై ఎవరి మాట చెల్లాలన్న దగ్గర రోజూ తగాదా. ఏది అసలైన కమిటీ?
(నల్లగొండ జిల్లా పాఠకురాలు)

జవాబు: రెండూ అసలైనవే, పుట్టుక మాత్రం వేరు. యాజమాన్య కమిటీ పార్లమెంటు చేసిన చట్టం వల్ల ఏర్పడింది. అమ్మ ఆదర్శ కమిటీలను 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వుతో ఏర్పాటు చేసి, గ్రామాల్లో మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిని వాటికి అధ్యక్షురాలిగా, ప్రధానోపాధ్యాయులను కన్వీనర్‌గా పెట్టి, తాగునీరు, మరుగుదొడ్లు, విద్యుత్తు, చిన్న మరమ్మతులు, యూనిఫాం కుట్టడం వంటి పనులు అప్పగించింది. మహిళా సంఘాలకు పొదుపు లెక్కల్లో ఉన్న అనుభవాన్ని బడికి తేవడం మంచి ఆలోచనే. అయితే పనిని ఒకరు చేయించినంత మాత్రాన, ఆ ఖర్చును పర్యవేక్షించే చట్టబద్ధమైన బాధ్యత యాజమాన్య కమిటీకి తప్పిపోదు. అందువల్ల పని ఎంపిక, అమలు అమ్మ ఆదర్శ కమిటీ చూస్తే, అభివృద్ధి ప్రణాళికలో దాని చోటు ఏమిటో, బిల్లుకు తగ్గ పని జరిగిందో లేదో యాజమాన్య కమిటీ చూడడం సబబైన పంపకం. రెండింటికీ కన్వీనర్ ఒకరే కాబట్టి నెలకొకసారి ఉమ్మడిగా కూర్చోవడం కష్టం కాదు. తీర్మానం మాత్రం ఏ కమిటీది ఆ కమిటీ పుస్తకంలోనే రాయించండి.