పురుగుల మీద ఇష్టమున్న అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. నర్సీపట్నం దగ్గర మా జీడితోటకు వెళ్తే పురుగులను పట్టి సీసాల్లో పెంచుతుంది. సస్యరక్షణ చదువుతానంటోంది. మందు కొట్టే పనికి అంత చదువెందుకు? ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: ముందు మీ సందేహం తీరాలి. సమగ్ర సస్యరక్షణలో అసలు విద్య, మందు ఎప్పుడు అక్కరలేదో చెప్పగలగడం. వరిలో చదరపు మీటరుకు ఒక కాండం తొలుచు తల్లిపురుగో, ఒక గుడ్ల సముదాయమో కనిపించాకే మందు ఆలోచన చేయాలి. పొలంలోకి దిగనిదే ఆ లెక్క తేలదు. వరి కోశాక దుబ్బులు దున్నేస్తే పురుగుకు నిలువ నీడ పోతుంది. జీడిచెట్టును దున్నలేరు కదా! అది దశాబ్దాలు అక్కడే ఉంటుంది. చిగుళ్ల రసం పీల్చి నల్లమచ్చలు చేసే టీ దోమా (పేరుకే దోమ, నిజానికి నల్లి జాతి పురుగు) ఉంటుంది, దాన్ని తరిమే ఎర్రచీమలూ ఉంటాయి. ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఆ చీమలను, కుడుతున్నాయని మందు కొట్టి చంపించిన తోటలు చూశాను. మనసుకు చాలా కష్టమనిపించింది. మీ తోటలో ఆ పని చేయకండి.

అమ్మాయికి ఎక్కడైనా ట్రైకో కార్డు చూపించండి. అట్టముక్క మీద అంటించిన, బియ్యాన్ని పట్టే ఒకరకం రెక్కలపురుగు గుడ్లు, గసగసాలకన్నా చిన్నవి, నల్లబడి ఉంటాయి. ట్రైకోగ్రామా అనే సూదిమొనంత కందిరీగలు ఆ గుడ్లలోనే తమ గుడ్లు పెడతాయి, అందుకే వాటిలోంచి పురుగులకు బదులు కందిరీగలు వస్తాయి. చెరకు లేత మొక్కలను తొలిచే పీక పురుగు గుడ్లను వెతికి నాశనం చేసేవి అవే. చెరకు పరిశోధనకు పేరున్న కేంద్రం అనకాపల్లిలోనే ఉంది, అక్కడి కీటకశాస్త్రవేత్తలతో మాట్లాడించండి.

చదువు సంగతి సూటిగా చెబుతాను. ఏపీ ఈఏపీసెట్ ర్యాంకుతో నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరాలి. మనకు దగ్గర్లో శ్రీకాకుళం జిల్లా నైరలో కళాశాల ఉంది. తోటలే ఇష్టమైతే హార్టికల్చర్. ఆపైన కీటకశాస్త్రంలో ఎమ్మెస్సీ. సీటు రాకపోతే జువాలజీ దారి ఉంది కానీ, దానితో వ్యవసాయాధికారి పోస్టుకు అర్హత రాదు.

ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలు ఏటా రావు, నిజమే. అయితే అవకాశం అదొక్కటే కాదు. విదేశాల నుంచి వచ్చే మొక్కలు, విత్తనాలతో కొత్త పురుగు చొరబడకుండా తనిఖీ చేసే మొక్కల క్వారంటైన్ కేంద్రం విశాఖలోనే ఉంది. పురుగులను వాటి సహజ శత్రువులతోనే అదుపు చేసే జీవనియంత్రణ ప్రయోగశాలలు, విత్తన సంస్థలు కూడా ఈ చదువున్నవారిని తీసుకుంటాయి.

ఈ చలికాలం జీడి చిగురించేటప్పుడు పది చెట్లు ఎంచుకోమనండి. తోటకు వెళ్లినప్పుడల్లా ఎన్ని చిగుళ్ల మీద నల్లమచ్చలున్నాయో, ఏ చెట్టు మీద చీమల గూడుందో ఒక పుస్తకంలో రాయాలి. పూత ముగిశాక ఆ పుస్తకం నాకు పంపండి.