మీటర్ 960 అంటోంది, ప్యానెల్ 675 అంటోంది

ప్రశ్న: మాది రాయగడ. నాగావళి నీళ్లు వాడే ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. నీళ్లు వచ్చే లైను మీద 0.5 శాతం అక్యురసీ ఉన్న ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫ్లోమీటర్ ఉంది. గంటకి 40 క్యూబిక్ మీటర్లు, కాస్త అటూ ఇటూగా, రాత్రీ పగలూ పోతూనే ఉంటుంది. మీటర్ మీది టోటలైజర్, అంటే పోయిన నీళ్లన్నీ కూడి చూపే అంకె, రోజుకి 950, 960, 970 క్యూబిక్ మీటర్లు ఇలా చూపిస్తోంది. కంట్రోల్ రూమ్ ప్యానెల్‌లో మాత్రం రోజూ 675 పెరుగుతోంది. ఫ్లో రేటు రెండు చోట్లా ఒకటే. వారం పది రోజుల కిందటి వరకు ప్యానెలే కాస్త ఎక్కువ చూపించేది. అందరూ మీటర్ మార్చేయమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ప్యానెల్ ఫొటో పంపుతున్నాను.

జవాబు: మీటర్ మార్చకండి. 960లో 0.5 శాతం అంటే 5 క్యూబిక్ మీటర్లు కూడా కాదు. మీకు వస్తున్న తేడా 285. ఇది అక్యురసీ గొడవ కాదు, లెక్క కూడే చోట వచ్చిన తప్పు.

నన్ను ఆపింది ఆ 675. నీళ్లు రోజూ కొంచెం మారుతుంటే ఆ అంకె ఎందుకు మారడం లేదు? ఫొటోలో మీ టోటల్ 71 వేలు దాటి ఉంది. మీ పీఎల్‌సీ, అంటే ప్యానెల్ వెనక లెక్కలు చేసే చిన్న కంప్యూటర్, సెకనుకోసారి 0.0111 క్యూబిక్ మీటర్లు తెచ్చి ఆ 71 వేలకి కలుపుతోందన్నమాట. టోటల్‌ని మామూలు 32 బిట్ల దశాంశ సంఖ్యగా దాస్తే అందులో పట్టేది సుమారు ఏడు అంకెలే. 65,536 దాటాక అది 0.0078 చొప్పున అడుగులు వేస్తుంది, అంతకన్నా చిన్న అడుగు దానికి చేతకాదు. 0.0111 ఇస్తే దగ్గరలో ఉన్న 0.0078కి సర్దేసుకుంటుంది. రోజుకి 86,400 సెకన్లు. గుణిస్తే సరిగ్గా 675. ధాన్యం లారీని కాటా మీద నిలబెట్టి పైన గుప్పెడు వడ్లు వేస్తే అంకె కదలదు చూడండి, అదే ఇది.

32,768 నుంచి 65,536 దాకా అడుగు ఇందులో సగం. అక్కడ 0.0111ని మూడు అడుగులకి, అంటే 0.0117కి సర్దుతుంది. రోజుకి 1,012 వస్తుంది. ప్యానెల్ అప్పట్లో ఎక్కువ చూపించిందన్నారు కదా, కారణం ఇదే. అప్పుడే ఎవరైనా పట్టించుకుని ఉంటే బాగుండేది. ఇలాగే వదిలేస్తే 1,31,072 దాటాక మళ్లీ ఎక్కువ చూపిస్తుంది, 2,62,144 దగ్గర పూర్తిగా ఆగిపోతుంది.

ప్రోగ్రామ్ రాసినాయన్ని పిలిచి టోటల్‌ని 64 బిట్లకి మార్చమనండి. మీ పీఎల్‌సీలో అది లేకపోతే చిన్న టోటల్ ఒకటి వేరుగా పెట్టి, అందులో ఒక క్యూబిక్ మీటర్ నిండినప్పుడల్లా పెద్ద టోటల్‌కి 1 కలపాలి. పెద్ద టోటల్ పూర్ణాంకంగానే ఉండాలి. నన్నడిగితే ఇంకా మంచి దారి మీటర్‌కున్న పల్స్ అవుట్‌పుట్, అంటే ఇన్ని నీళ్లు పోయినప్పుడల్లా మీటర్ పంపే ఒక్కో కరెంటు మిణుకు. పది లీటర్లకి ఒక పల్స్ పెట్టుకుంటే సెకనుకి ఒకటి కంటే కాస్త ఎక్కువ వస్తుంది, లెక్కపెట్టడమే పని. ఫ్లో రేటుని కరెంటుగా (నీళ్లు లేకపోతే 4, గరిష్ఠమైతే 20) ప్యానెల్‌కి పంపే 4-20 మిల్లీయాంప్ లైనులో ఇంకో చిక్కు కూడా ఉంటుంది. నీళ్లు ఆగినా 4కి బదులు 4.02 వస్తుంటే, ఫుల్ స్కేల్, అంటే కొలవగల గరిష్ఠం, గంటకి 60 క్యూబిక్ మీటర్లు అయిన మీటర్ మీద రోజుకి 1,800 లీటర్లు లేని నీళ్లు కలుస్తాయి.

మీటర్ మీద కూడా అనుమానం ఉంటే సంపులో చూసుకోండి. 4 మీటర్లకి 5 మీటర్ల సంపైతే, బయటికి పోయే వాల్వులు కట్టేసి ఒక మీటరు ఎత్తు నింపితే 20 క్యూబిక్ మీటర్లు, అరగంట పని. కర్రతో కొలిచినప్పుడు ఒక సెంటీమీటర్ తప్పినా 1 శాతం తేడా వస్తుంది, కాబట్టి 0.5 శాతం ఇలా తేలదు. 30 శాతం తప్పు మాత్రం దాగదు. ఆ సమయంలో పైపు నిండుగా పారాలి. సగం నిండిన పైపులోనూ ఈ మీటర్ నిండా నీళ్లున్నట్టే లెక్క వేస్తుంది.

ప్రశ్న: పర్లాకిమిడిలో చిన్న వాటర్ ప్లాంట్ నడుపుతున్నాను. గంటకి ఒక క్యూబిక్ మీటర్ నీళ్లు. రెండు మీటర్లు చూశాను, రెండింటి మీదా 1 శాతమే, గరిష్ఠం 10 క్యూబిక్ మీటర్లే. ధరలో మాత్రం చాలా తేడా. చవకది కొనవచ్చా?

జవాబు: ఆ 1 శాతం పక్కన ఏం రాశారో చూడండి. 'రీడింగ్‌లో' అని ఉంటే గంటకి 10 లీటర్లు అటూ ఇటూ. 'ఫుల్ స్కేల్‌లో' అని ఉంటే 10 క్యూబిక్ మీటర్లలో 1 శాతం, అంటే 100 లీటర్లు. గంటకి మీరు నింపే 50 క్యాన్లలో 5 క్యాన్ల లెక్క తేలదు. డీలర్‌ని గరిష్ఠం దగ్గర కాదు, గంటకి ఒక క్యూబిక్ మీటర్ దగ్గర తప్పు ఎంతో అడిగి, కాగితం మీద రాయించుకోండి.