స్ట్రైకర్‌తో పాటు కాయిన్ కూడా పడితే ఛాన్స్ పోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: అపార్ట్‌మెంట్‌లో సంక్రాంతికి పెట్టిన క్యారమ్స్ పోటీలో మీరు నల్ల కాయిన్ కొట్టారు. కాయిన్ పడింది, దాని వెనకే స్ట్రైకర్ కూడా హోల్‌లో పడింది. ఎదుటివాళ్లు మీ చేత రెండు కాయిన్లు బయట పెట్టించి, ఛాన్స్ కూడా తీసేసుకున్నారు. పైగా తర్వాతి ఆటలో చెయ్యి గీత దాటిందని ఇంకో ఫైన్ వేశారు. ఇందులో ఏది రూలు, ఏది తొండి అని అడిగారు.

రెండు కాయిన్లు పెట్టించడం సరైనదే. ఛాన్స్ తీసుకోవడమే తప్పు. చెయ్యి గీత దాటడం నిజంగానే ఫౌల్, కాబట్టి ఆ విషయంలో వాళ్లను ఏమీ అనలేం.

నేను చెన్నైలో పెరంబూర్ దగ్గర ఉంటాను. మా వీధి చివర ఒక చిన్న క్యారమ్ మన్రం (క్లబ్బు) ఉంది. ఆఫీసు అయ్యాక అక్కడ ఆడుతుంటాను, పోటీలు జరిగినప్పుడు స్కోరు రాయడానికి కూర్చుంటాను. ఉత్తర చెన్నైలో ఈ ఆటను కాలక్షేపంగా చూడరు. 1991, 1995లలో ప్రపంచ ఛాంపియన్ అయి, 1996లో అర్జున అవార్డు అందుకున్న మరియా ఇరుదయం ఈ ఊరివారే. 2024లో అమెరికాలో మూడు స్వర్ణాలు గెలిచిన కాజిమా కూడా ఇక్కడి అమ్మాయే. అంతర్జాతీయ క్యారమ్ ఫెడరేషన్ (ఐసీఎఫ్) పుట్టింది కూడా 1988లో ఈ నగరంలోనే. (పెరంబూర్‌లో ఐసీఎఫ్ అంటే అందరూ రైలు పెట్టెల ఫ్యాక్టరీ అనుకుంటారు. ఇది ఆ ఐసీఎఫ్ కాదు.) అందుకే మా మన్రంలో పదేళ్ల పిల్లాడిని అడిగినా రూలు గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. నేను కింద రాసేది ఆ ఫెడరేషన్ పద్ధతి.

గొడవలన్నీ ఎక్కడ మొదలవుతాయంటే, మన ఇళ్లలో ప్రతిదాన్నీ 'ఫైన్' అనే ఒకే గాటన కట్టేస్తాం. నిజానికి రెండు వేర్వేరు సంగతులున్నాయి. స్ట్రోక్ పద్ధతిగానే కొట్టారు, కానీ స్ట్రైకర్ హోల్‌లో పడింది. అది డ్యూ, అంటే బాకీ. ఇందులో మీరు తప్పు చేసినట్టు కాదు. రెండోది ఫౌల్. ఇది మీరు కూర్చున్న తీరుకో, కొట్టిన తీరుకో పడే పెనాల్టీ. ఏం పడింది, ఏం పడలేదు అన్నదానితో దీనికి సంబంధం లేదు.

ముందు డ్యూ సంగతి. స్ట్రైకర్ ఒక్కటే పడితే, మీరు అప్పటిదాకా వేసిన వాటిలోంచి ఒక కాయిన్ బయటికి వస్తుంది, ఛాన్స్ పోతుంది. మీ కాయిన్, స్ట్రైకర్ కలిసి పడితే ఆ పడిన కాయిన్, బాకీ కింద ఇంకొకటి, మొత్తం రెండు బయటికి వస్తాయి. కానీ ఆట మీదే, మళ్లీ మీరే కొట్టాలి. మీకు అన్యాయం జరిగింది ఇక్కడే. ఎదుటివాళ్ల కాయిన్‌తో పాటు స్ట్రైకర్ పడితే వాళ్ల కాయిన్ లోపలే ఉంటుంది, మీది ఒకటి బయటికి వస్తుంది, ఛాన్స్ పోతుంది. స్ట్రైకర్ పడకుండా ఎదుటివాళ్ల కాయిన్ ఒక్కటే పడితే ఫైన్ ఏమీ లేదు, వంతు మారుతుందంతే. దీనికి కూడా ఫైన్ వసూలు చేసేవాళ్లను చూశాను. పాపం, అప్పటికే వాళ్లకు ఒక కాయిన్ ఊరికే వేసిపెట్టాం కదా!

బయట పెట్టడానికి మీ దగ్గర కాయిన్ లేకపోతే బాకీ అలాగే ఉంటుంది. తర్వాత మీకు కాయిన్ పడగానే తీర్చాలి. 'ఏమీ లేదుగా, వదిలేద్దాం' అనడం మొహమాటం, రూలు కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ బాకీ కాయిన్‌ను ఎవరు, ఎక్కడ పెట్టాలి? ఇళ్లలో ఫైన్ పడ్డవాళ్లే తీసి నడిమధ్యలో పెట్టేస్తారు. అలా కాదు, ఎదుటి ఆటగాడు పెట్టాలి, మధ్యనున్న పెద్ద సర్కిల్ లోపల తనకు నచ్చిన చోట. ఆ సర్కిల్ అడ్డంగా 17 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక కాయిన్ మూడు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే బోలెడంత చోటు. డ్యూలో అసలు శిక్ష ఒక కాయిన్ తగ్గడం కాదు, ఆ కాయిన్ ఎక్కడికి వెళ్లి కూర్చుంటుందో శత్రువు నిర్ణయించడం.

మా మన్రంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన చేతికి మీ కాయిన్ వెళ్లిందంటే ఇక చూసుకోండి. ముందు మీ బేస్‌లైన్ (మీరు స్ట్రైకర్ పెట్టే జంట గీతలు) వైపు ఒకసారి ఒంగి చూస్తారు. తన తెల్ల కాయిన్ ఒకటి సర్కిల్ అంచున ఉంటే, మీ వైపునుంచి చూస్తే దాని వెనక దాక్కునేలా మీ నల్ల కాయిన్ పెడతారు. నేరుగా కొట్టలేరు. రీబౌండ్ (స్ట్రైకర్‌ను బోర్డు అంచుకు కొట్టి వెనక్కి రప్పించడం) ఆడాలి, లేదా ముందు ఆయన కాయిన్‌ను కదిలించాలి. కదిలిస్తే అది హోల్ వైపు వెళ్లి ఆయనకే మేలు. అదే సమయంలో ఆ నల్ల కాయిన్ తన రాబోయే షాట్‌కు అడ్డం పడకుండా కూడా చూసుకుంటారు. కొత్తగా ఆడేవాళ్లు ఇదేమీ ఆలోచించకుండా కాయిన్ టక్కున పెట్టేసి, హోల్‌కు సూటిగా ఉన్న షాట్‌ను చేజేతులా ఇచ్చేస్తారు. మీ పోటీలో ఎదుటివాళ్లకు డ్యూ పడితే తొందరపడకండి, ఆ హక్కు మీది.

ఇక ఫౌల్. పెనాల్టీ కింద మీ కాయిన్ ఒకటి బయటికి వెళ్తుంది. తప్పు పద్ధతిలో కొట్టిన స్ట్రోక్‌తో మీ కాయిన్ పడినా అది చెల్లదు, దాన్ని కూడా తీసేస్తారు. అపార్ట్‌మెంట్ ఆటల్లో నేను ఎక్కువగా చూసేది తోయడం. వేలితో టప్‌మని కొట్టకుండా స్ట్రైకర్‌ను కొంతదూరం వేలితోనే నడిపించడం. రెండోది స్ట్రైకర్ పెట్టే తీరు. అది బేస్‌లైన్ రెండు గీతలనూ తాకాలి. చివర్లలో ఉండే ఎర్ర గుండ్రాన్ని పూర్తిగా కప్పాలి, లేదా అసలు తాకకూడదు. సగం సగం కుదరదు. మూలల్లో ఉన్న బాణం గీతను తాకకూడదు, కొట్టే చెయ్యి ఆ గీత దాటి అవతలికి పోకూడదు. మీకు పడింది ఇదే. మోచేయి బోర్డు మీదికి తేవడం, మంచి యాంగిల్ కోసం కుర్చీ జరుపుకోవడం, లేచి ఒంగి కొట్టడం కూడా ఫౌల్స్. స్ట్రోక్‌కు 15 సెకన్ల గడువుంది, కానీ సరదా పోటీలో దాన్ని పట్టుకుని టెన్షన్ పెట్టకండి.

బొటనవేలితో కొట్టడం మాత్రం ఫౌల్ కాదు. ఎవరైనా కాదంటే గట్టిగా వాదించండి.

డబుల్స్ ఆడితే పార్ట్‌నర్‌కు సలహాలు ఇవ్వకూడదు. ఒక గేటెడ్ కమ్యూనిటీ పోటీలో భార్యాభర్తలు తెలుగులో 'ఎడమవైపుది వదిలేయ్, రెడ్ చూడు' అని చక్కగా మాట్లాడుకుంటూ ఆడారు. ఎదురుగా ఉన్న తమిళ జంటకు తెలుగు రాదని వాళ్ల ధైర్యం. చెన్నైలో అలా అనుకోవడం ఎంత అమాయకత్వమో వేరే చెప్పాలా! ఆ పక్క ఆవిడ తిరుపతిలో చదువుకున్నారట.

రెడ్ విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. ముందు మీ కాయిన్ కనీసం ఒకటి వేశాకే రెడ్ వేసే హక్కు. రెడ్ పడిన స్ట్రోక్‌లో గానీ వెంటనే తర్వాతి స్ట్రోక్‌లో గానీ మీ కాయిన్ ఒకటి వేసి దాన్ని కవర్ చేయాలి. లేకపోతే రెడ్ మళ్లీ మధ్యకు వస్తుంది. కవర్ కొట్టబోయి స్ట్రైకర్ ఒక్కటే పడితే రెడ్ పోతుంది, దానితో పాటు డ్యూ పడుతుంది, ఛాన్స్ కూడా పోతుంది. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఏమిటంటే, రెడ్ ఇంకా బోర్డు మీద ఉండగా మీ ఆఖరి కాయిన్ వేసేస్తే ఆ బోర్డే (ఆ రౌండే) ఓడిపోయినట్టు. ఎదుటివాళ్ల ఆఖరి కాయిన్ మీరు పొరపాటున వేసినా అంతే.

ఇదంతా తెలుపు–నలుపు జట్ల ఆటకు. మీ పోటీ తెలుపుకు 20, నలుపుకు 10, రెడ్‌కు 50 అనే పాయింట్ల ఆట అయితే ఈ లెక్కలు నేరుగా అతకవు. ఎందుకంటే అక్కడ 'మీ కాయిన్' అంటూ ఏదీ ఉండదు. స్ట్రైకర్ పడితే ఎంత కట్టాలి, రెండూ కలిసి పడితే ఎవరు ఆడాలి, బయట పెట్టే కాయిన్‌ను ఎవరు పెట్టాలి అన్నవి ఆటకు ముందే కాగితం మీద రాసి బోర్డు పక్కన అంటించమని మీ కమిటీవాళ్లకు చెప్పండి.