అణు విమాన వాహక నౌకకి పాతికేళ్లు ఇంధనం అక్కర్లేదంటారు, మరి రేవులో ఏళ్ల తరబడి ఎందుకు పడుంటుంది?

నెల్లూరు ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా లేత్ మిషను మీద పని నాది. నేవీ మొహం చూసినోణ్ణి కాదు. అయినా జవాబు నేనే చెప్పాల. అడిగినాయన కన్ను రియాక్టరు మీదుంది, సంగతేమో స్పేర్లలో ఉంది.

2007 జులైలో అమెరికా వాళ్ల అణు విమాన వాహక నౌక నిమిట్జ్ చెన్నై బయట లంగరేసినప్పుడు మా టీ బంకు దగ్గర అణుధార్మికత గురించి ఒకటే గోల. దాని స్పేర్లు యాడనించి వస్తాయని ఒక్కడూ అడగలా.

నాలుగేళ్ల కిందట వేసవిలో, రాత్రి పదింటికి షట్టర్ దించబోతుంటే ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతు ఒకాయన బండి మీద వచ్చాడు. గోతంలో ఏరియేటర్ (గుంట నీళ్లకి గాలి పట్టించే మిషను) గేరుబాక్సు, షాఫ్ట్ రెండు ముక్కలు. "అన్నా, తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోద్ది, ఇది తిరక్కపోతే గుంట మొత్తం తేలిపోద్ది" అన్నాడు. ఉన్న నాలుగింట్లో రెండు ఎప్పుడో మూలనపడ్డాయంట, వాటి సామాన్లు ఊడదీసే మిగతా రెండూ తిప్పుతున్నాడు. డీలర్ని అడిగితే ఆ మోడల్ ఆపేశారు, కొత్త గేరుబాక్సే కొనుక్కో అన్నాడంట. మోడల్ ఆపేసేవాళ్లు దాని స్పేర్లు పదేళ్లన్నా దొరికేట్టు చూడాలని చట్టం తేవాల. సరే, అది వేరే కత.

షాఫ్ట్ తెగింది బేరింగు కూర్చునే చోట. అక్కడ 6305 నంబరు బేరింగు వేశారు: లోపల 25, బయట 62 మిల్లీమీటర్లు. 6206 నంబరు దానికి బయట అదే 62, లోపల మాత్రం 30. హౌసింగ్ ముట్టుకోకుండా షాఫ్ట్ 5 మిల్లీమీటర్లు లావు చెయ్యొచ్చు. బేరింగు వెడల్పు ఒక్క మిల్లీమీటర్ తక్కువ, దానికో వాషర్ తిప్పి పెట్టా. ఈ మాత్రం బుర్ర కంపెనీ ఇంజినీరుకి లేకపోయింది. ఈఎన్-8 రకం ఉక్కు రాడ్డు సగం తిప్పానో లేదో కరెంటు పోయింది, ముప్పావు గంట. పక్కన మిల్లింగ్ షాపు తాళమేసి ఉంది, కీవే, అంటే షాఫ్ట్ మీద కీ కూర్చునే గాడి, ఉలితో కొట్టి ఫైలుతో సాపు చేశా. రెండున్నరకి బండెక్కించా.

ఇప్పుడు ఆ ఓడ. నిమిట్జ్ తరగతికి రెండేసి రియాక్టర్లు. యాభై ఏళ్ల ఆయుష్షులో నడిమధ్య ఒక్కసారి ఇంధనం మారుస్తారు. ఆ తరగతిదే జార్జి వాషింగ్టన్ అనే ఓడ దానికోసమే 2017 ఆగస్టులో యార్డుకి పోయి 2023 మేలో బయటపడింది. నాలుగేళ్లన్నది ఆరేళ్లయింది. ఇంధనం ఒక్కటే అయితే అంత కాలం పట్టదు. అయిదు వేల మంది బతికే ఓడలో పైపులూ వాల్వులూ పంపులూ కేబుళ్లూ అన్నీ అప్పుడే విప్పుతారు. విప్పినాక ఏం బయటపడుతుందో ముందు ఎవడికి తెలుసు? 2017లో అమెరికా నౌకాదళంలో చేరిన కొత్త తరగతి ఓడ ఫోర్డ్‌కి బాంబులు పైకి చేరేసే లిఫ్టులు పదకొండు. ఆఖరిది అప్పజెప్పేసరికి 2021 డిసెంబరు. మధ్యలో సామాన్లు చాలక, యార్డులో ఇంకా కడుతున్న అదే తరగతి ఓడ కెన్నెడీ నించి ఊడదీసి దీనికి వేశారు. మా రొయ్యలాయన చేసిన పనే. పాత ఓడ ఎంటర్‌ప్రైజ్ అయితే ఎనిమిది రియాక్టర్లతో దాని జాతిలో అదొక్కటే, ఊడదీసుకోడానికి జత ఓడే లేదు, అయినా దాన్ని 1961 నించి 2012 దాకా నడిపారు. వాళ్ల మెషినిస్టులకి నా దండం.

ఓడలోనూ లేత్ ఉంటుంది, చిల్లర సామాన్లు నడిసముద్రంలోనే తిప్పుకుంటారు. రియాక్టరు వైపు మాత్రం నా 6206 యవ్వారం సాగదు. ఆ ఉక్కు ఏ పోతలోది, పరీక్ష చేసిందెవరు, వెల్డింగ్ పెట్టిందెవరు, అన్నిటికీ కాగితం ఉండాల. సామాను తయారయినా కాగితం రాకపోతే ఓడ కదలదు. నేను ఆ రాత్రి కాగితం రాసుంటే రొయ్యలు తేలుండేవి.

ఆ షాఫ్ట్ ఇప్పటికీ తిరుగుతా ఉంది. డబ్బులు రొయ్యల పట్టుబడి అయినాక ఇస్తానన్నాడు. ఆరు పట్టుబడులయినాయి.