హెపటైటిస్ బి సోకిన కాలేయ కణాల్లో మైక్రోఆర్‌ఎన్‌ఏలు వైరస్‌కు సాయం చేస్తాయా, అడ్డుపడతాయా?

రెండూ జరుగుతాయి, కానీ కాలేయంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే మైక్రోఆర్‌ఎన్‌ఏ-122 మాత్రం హెపటైటిస్ బి వైరస్‌కు అడ్డుపడేదే. మైక్రోఆర్‌ఎన్‌ఏ అంటే సుమారు 22 న్యూక్లియోటైడ్లు (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని లింకులు) ఉండే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క, అంతే. దాన్నుంచి ప్రోటీన్ తయారవదు. ప్రోటీన్ తయారీకి వెళ్లే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ఆ పనిని తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది.

122 సంగతే చూడండి. అది సైక్లిన్ జి1 అనే ప్రోటీన్‌ను అణచి ఉంచుతుంది. సైక్లిన్ జి1 తక్కువగా ఉన్నంతకాలం పి53 అనే మరో ప్రోటీన్ వైరస్ డీఎన్‌ఏ మీద కూర్చుని దాని కాపీలు పెరగకుండా చూస్తుంది. వైరస్ ఊరుకోదు కదా! దాని ఆర్‌ఎన్‌ఏలే 122ను స్పాంజ్‌లా పీల్చేస్తాయి. దీర్ఘకాలంగా హెపటైటిస్ బి ఉన్నవారి కాలేయంలో 122 తగ్గడానికి ఇదొక కారణం.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, "122 వైరస్‌కు తోడ్పడుతుంది" అని ఎక్కడో చదివి దాన్ని బికి అంటగట్టేస్తారు. అది హెపటైటిస్ సి మాట. సి వైరస్ తన ఆర్‌ఎన్‌ఏ మొదట్లో రెండు చోట్ల 122ను అతికించుకుని, దాన్నే రక్షణగా వాడుకుంటుంది. పేర్లు కలిసినా బి, సి వేర్వేరు కుటుంబాల వైరస్‌లు.