నెల్లూరు నుంచి కారులో ఊటీ, మున్నార్ వెళ్తే దారిలో ఏ నేషనల్ పార్కులు చూడొచ్చు?

కారులో కుటుంబంతో బయల్దేరి ఊటీ, మున్నార్ తిరిగి రావాలని, దారిలో కొండల మీదున్న నేషనల్ పార్కులన్నీ చూసెయ్యాలని అడిగారు. అన్నీ వద్దండి. ఊటీ దారిలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న బందీపూర్, ముదుమలై కలిపి ఒకటి అనుకోండి, మున్నార్ దగ్గరి ఎరవికులం రెండోది. ఈ రెండింటి దగ్గరా ఒక్కో రాత్రి ఉండండి, చాలు. రోజుకొక పార్కు పెట్టుకుంటే మీరు చూసేది తారు రోడ్డే.

మాది కావలి. మేం నాయుడుపేట, తిరుపతి, చిత్తూరు, బెంగళూరు మీదుగా మైసూరు చేరి రాత్రికి అక్కడ ఆగాం. కావలిలో బయల్దేరి అదే రోజు ఊటీ చేరాలనుకునేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. గుండ్లుపేట నుంచి ఊటీ వెళ్లే అడవి దారిని 2009 నుంచి రాత్రి 9కి మూసి ఉదయం 6కి తెరుస్తున్నారు. దీన్ని తిట్టుకునేవాళ్లు చాలామంది. నన్నడిగితే అంత మంచి నిర్ణయం ఇంకోటి లేదు. రాత్రిపూట అడవి జంతువులదే, మన సరుకు లారీలు ఆరు దాకా ఆగితే కొంపలేం మునగవు.

మేం తెల్లారేసరికి గేటు దగ్గరున్నాం. బందీపూర్ దాటి ముదుమలైలోని తెప్పకాడు వైపు పోతుంటే వెదురు పొదల్లోంచి ఒక ఆడ ఏనుగు రోడ్డు అంచుకొచ్చి ఆగింది. ఒళ్లంతా ఎర్రమట్టి, చెవుల అంచున లేత గులాబీ రంగు మచ్చలు. తొండం ఎత్తి గాలిలో వాసన పట్టింది. వెనక సీట్లోంచి మా నాయన, "హారన్ కొట్టబాకరా, కాలు బ్రేకు మీదే ఉంచు" అన్నాడు. దాని వెనకే ఇంకో మూడు వచ్చాయి, ఒకదాని పొట్ట కింద పిల్ల. అది తల్లి ముందు కాళ్ల మధ్యే నడవాలని చూస్తూ తడబడుతోంది. మా అమ్మాయి ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

సరిగ్గా అప్పుడే మా వెనక కారు పీ పీ మని మోగించడం మొదలుపెట్టింది. అంతటితో ఆగలేదు. ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని కిందికి దిగాడు. ముందున్న పెద్దది చెవులు విప్పి ఇటు తిరిగి రెండడుగులు వేసింది. నాయన అద్దం కొంచెం దించి, "నాయనా, ఎక్కు, ముందు కారెక్కు" అని మెల్లగానే అన్నా ఆ గొంతులో భయం నాకు తెలిసింది. ఎదురుగా వస్తున్న గవర్నమెంటు బస్సు డ్రైవరు చాలా దూరంలోనే బస్సాపి, లైట్లు తీసేసి, చెయ్యి బయట పెట్టి ఆ కుర్రాణ్ణి లోపలికి పొమ్మని సైగ చేశాడు. బస్సు నిండా జనం, పనులకు పోయేవాళ్లే, ఒక్కరూ తొందరపడలేదు. ఏనుగులు దాటాక కూడా ఆ డ్రైవరు కాసేపు ఆగి, పొదలు కదలడం మానేశాకే బస్సు తీశాడు. అడవి దారిలో ఎలా నడుచుకోవాలో నేర్చుకోవాలంటే ఆ రూట్లో రోజూ తిరిగే బస్సు డ్రైవర్లను చూడాలి.

ఆ కారు నంబరు మన రాష్ట్రానిదే. అదే నాకు ఎక్కువ బాధ. మన దోర్నాల–శ్రీశైలం దారిలో చూడండి, అది పోయేది దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యంలోంచి, అక్కడ కూడా రాత్రి గేట్లు వేస్తారు. పగలంతా మనవాళ్లు కార్లాపి కోతులకు అరటిపళ్లు విసురుతుంటారు. పుణ్యమనుకుంటారు. ఆ పళ్ల కోసం రోడ్డెక్కిన కోతులే చక్రాల కింద పడుతున్నాయి. తినడానికి నల్లమలలో వాటికేం తక్కువ? దేవుడికి కొట్టిన కొబ్బరికాయ ముక్కలైనా సరే, కారులోంచి విసరొద్దు.

మిగతావి త్వరగా చెప్తా. నీలగిరి జిల్లాలోకి వెళ్లాలంటే 2024 మే నుంచి హైకోర్టు ఆదేశం మీద ఈ-పాస్ కావాలి, ఇంట్లోనే ఆన్‌లైన్లో తీసుకోండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు చెక్‌పోస్టులో పట్టుకుంటారు, స్టీలు సీసాలు పెట్టుకోండి. మసినగుడి నుంచి కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఘాట్‌లో నడపడం అలవాటు లేకపోతే గూడలూరు మీదుగా పొండి. పిల్లలకు వాంతులకు గూడూరు నిమ్మకాయలు ఓ డజను కొనుక్కెళ్లండి, మాకు అవే పనిచేశాయి. మసినగుడిలో రాత్రి సఫారీ అని ఎవరైనా పిలిస్తే వెళ్లొద్దు, అది చట్టవిరుద్ధం. మేం దిగిన హోటలు మాత్రం అడవి కనిపించే గది అని డబ్బు ఎక్కువ తీసుకుని ప్రహరీ గోడ చూపించింది. గది ఫొటోలు అడిగి తెప్పించుకోండి.

ఎరవికులానికి ఉడుమలపేట, మరయూర్ దారిన వెళ్లండి. మరయూర్‌లో గంధపు చెట్లు కంచె లోపల నిలబడి కనిపిస్తాయి. వెలుగొండల్లో ఎర్రచందనం ఎలా నరికేస్తున్నారో వింటూ పెరిగిన మనకు ఆ కంచె చూస్తే ముచ్చటేస్తుంది. పార్కులోకి మన కారు పోదు, అటవీశాఖ బస్సులో రాజమల దాకా వెళ్లి అక్కణ్ణుంచి నడవాలి. నీలగిరి తార్‌లు, అంటే మేకల్లాంటి కొండజంతువులు, రోడ్డు పక్కనే గడ్డి మేస్తుంటాయి, మనిషిని చూసి బెదరవు. ముదిరిన మగవాటికి వీపు మీద జీను వేసినట్టు వెండిరంగు మచ్చ ఉంటుంది. ఒకదాన్ని మా నాయన చాలాసేపు చూసి, "మేకే గానీ గడ్డం లేదేందిరా" అన్నాడు. నిజమే, వీటికి గడ్డం ఉండదు. వెనకాల ఆనముడి, 2,695 మీటర్లు, దక్షిణ భారతంలో అంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. నీలకురింజి పూలు 12 ఏళ్లకోసారి పూస్తాయి. పోయినసారి 2018లో పూశాయి కాబట్టి మళ్లీ 2030.

ఇక నెల సంగతి. ఫిబ్రవరి, మార్చిలో తార్‌లు ఈనే కాలమని ఎరవికులం మూసేస్తారు. మే నెలలో మన ఎండలకు తాళలేక అందరూ ఊటీకే పరిగెడతారు, రోడ్డు మీదే సగం రోజు పోతుంది. పిల్లల దసరా సెలవుల్లో వెళ్లండి. వానలు తగ్గుముఖం పట్టి అడవి పచ్చగా ఉంటుంది, మైసూరులో మాత్రం గది ముందే బుక్ చేసుకోవాలి.