టీ షాపు తెరవడానికి లెక్క వేశారు, మూయాల్సి వస్తే?

ప్రశ్న: మేము సింగపూర్‌లో ఉంటున్నాం. మా వారిది ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఉద్యోగ వీసా), నాది దాని మీద ఆధారపడిన డిపెండెంట్ పాస్. ఇద్దరు పిల్లలు స్కూల్లో ఉన్నారు. ఇక్కడి చైనీస్ వాళ్లు తాగే మూలికల టీ అమ్మే ఒక గ్వాంగ్‌డాంగ్ బ్రాండ్ ఫ్రాంచైజీ తీసుకోవాలనుకుంటున్నాను. ఫ్రాంచైజీ ఫీజు 30,000 సింగపూర్ డాలర్లు, షాపు తయారు చేయించడానికి 70,000, మిషన్లకు 15,000, మూడు నెలల అద్దె డిపాజిట్ 22,500, మొదటి సరుకుకు 8,000. అమ్మకాల మీద 5 శాతం రాయల్టీ, 2 శాతం ప్రచారానికి. మూలికలు, కప్పులు అన్నీ వాళ్ల దగ్గరే కొనాలి. అద్దె నెలకు 7,500, లీజు మూడేళ్లు. మా దగ్గర 85,000 ఉన్నాయి. మిగతాదానికి మా నాన్నగారు తెనాలి దగ్గర పొలం అమ్మి 40 లక్షల రూపాయలు పంపుతానంటున్నారు. ఏడాదిన్నరలో పెట్టుబడి తిరిగొస్తుందని కంపెనీ వాళ్లు చెబుతున్నారు. ముందుకెళ్లమంటారా? (పేరు ప్రచురించవద్దని కోరారు)

జవాబు: అమ్మా, ఈ షరతులతో మాత్రం వద్దు. వ్యాపారం చేయాలన్న మీ కోరికలో తప్పేమీ లేదు. ఎంచుకున్న సరుకు కూడా చెడ్డది కాదు. ఒంటికి వేడి చేసిందంటే చలవ చేసేది తాగడం మనకూ తెలిసిన అలవాటే. దక్షిణ చైనా వాళ్లు చామంతి టీ, లువో హాన్ గువో అనే పండు కషాయం, ఇరవై నాలుగు మూలికల చేదు కషాయం తాగేది కూడా అందుకే. 2006లో చైనా ఈ టీని జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సింగపూర్ ఎండకు, చైనీస్ కొత్త సంవత్సరం పిండివంటల తరువాత గొంతు మంటకు దీనికి గిరాకీ ఉండనే ఉంటుంది. నా అభ్యంతరం టీ మీద కాదు, మీరు సంతకం పెట్టబోయే కాగితాల మీద.

ముందు కప్పుల లెక్క చూద్దాం. సగటున కప్పు 3 డాలర్ల 20 సెంట్లకు అమ్ముతారనుకోండి. అందులో మూలికలు, కప్పు, మూత, స్ట్రాకు 1.10 పోతుంది. రాయల్టీ, ప్రచారం కలిపి 7 శాతం అంటే 22 సెంట్లు. కార్డు, డెలివరీ యాప్‌ల కమీషన్ సగటున 13 సెంట్లు వేసుకుందాం. మీ చేతికి మిగిలేది 1.75. నెలవారీ ఖర్చులో అద్దె 7,500. ముగ్గురు పనివాళ్ల జీతాలు, సీపీఎఫ్ (మన పీఎఫ్ లాంటిది) అన్నీ కలిపి 7,000 కన్నా తక్కువ వేయలేను. కరెంటు, నీళ్లు, అకౌంటెంట్, ఇన్సూరెన్స్ కలిపి 1,500. మొత్తం 16,000. దీన్ని 1.75తో భాగిస్తే నెలకు సుమారు 9,140 కప్పులు, అంటే రోజుకు 305. సెలవు లేకుండా నెలంతా ఇన్ని అమ్మితే నష్టం రాదు, అంతే.

ఫీజు, షాపు తయారీ, మిషన్లు కలిపి పెట్టిన 1,15,000 మూడేళ్లలో తిరిగి రావాలంటే రోజుకు 366 కప్పులు అమ్మాలి. కంపెనీ చెప్పినట్టు ఏడాదిన్నరలో రావాలంటే 426. ఈ లెక్కల్లో ఎక్కడా మీ జీతం లేదన్నది గమనించండి. పొద్దున పది నుంచి రాత్రి పది దాకా మీరు షాపులో నిలబడినా ఒక్క డాలరు తీసుకోవడం లేదు. ఏడాదిన్నర మాట చెప్పిన సేల్స్ మనిషిని ఒకటే అడగండి: సింగపూర్‌లో ఇంత అద్దె కడుతున్న మీ షాపుల్లో రోజుకు 426 కప్పులు ఏ షాపు అమ్ముతోంది, దాని ఆరు నెలల అమ్మకాల కాగితం చూపిస్తారా? చూపిస్తే వేరే మాట్లాడుకుందాం.

మీ లెక్కలో పూర్తిగా వదిలేసింది, నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇంకొకటి ఉంది. మీ 85,000, నాన్నగారి సుమారు 60,000 కలిస్తే షాపు తలుపు తెరిచే సరికి మొత్తం అయిపోతుంది. మొదటి నెలలు నడపడానికి పైసా లేదు. రోజుకు 200 కప్పులే అమ్మారనుకోండి, కొత్త షాపుకు అదేమీ తక్కువ కాదు, అయినా నెలకు 5,500 నష్టం. ఆరు నెలలకు 33,000. అది మా వారి జీతంలోంచి అంటారేమో. ఇంటద్దె, పిల్లల ఫీజులు కూడా ఆ జీతంలోంచే కదా.

ఇక మూయాల్సి వస్తే ఏమవుతుందో చూద్దాం. పద్నాలుగు నెలలు నడిపి ఇక చాలనుకున్నారు. లీజులో ఇంకా 22 నెలలున్నాయి, అద్దె 1,65,000. యజమాని ఒప్పుకుని వేరే అద్దెదారు దొరికితే తప్ప అది మీ బాకీయే. షాపు తెరవడానికి పెట్టిన 1,45,500 కన్నా ఇదే ఎక్కువ. పైగా ఇక్కడి లీజుల్లో షాపును మొదట ఎలా ఉందో అలా చేసి అప్పగించాలని రాసి ఉంటుంది. మీరు 70,000 పెట్టి కట్టించిన కౌంటర్లు, సీలింగ్ మీ ఖర్చుతోనే పీకించాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడితే నా సొంత ఆస్తికి ఢోకా లేదనుకోకండి. యజమాని మీ చేత వ్యక్తిగత గ్యారంటీ మీద సంతకం పెట్టించుకుంటే ఆ రక్షణ పోయినట్టే. భార్యాభర్తలిద్దరూ ఆ కాగితం మీద సంతకం పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

దీనికి మీ వీసా సంగతి కూడా జోడించండి. 2021 మే 1 నుంచి డిపెండెంట్ పాస్ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయాలంటే విడిగా వర్క్ పాస్ కావాలి. సొంత వ్యాపారం చేసేవాళ్లకు మాత్రం లెటర్ ఆఫ్ కన్సెంట్ అనే అనుమతి పత్రం దారి మిగిలింది. కంపెనీ అయితే మీరు డైరెక్టరుగా ఉండి కనీసం 30 శాతం వాటా మీ పేరున ఉండాలి. దాన్ని రెన్యూ చేయాలంటే సింగపూర్ పౌరులు లేదా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్లలో కనీసం ఒకరిని నిర్ణీత జీతంతో పెట్టుకుని మూడు నెలలైనా సీపీఎఫ్ కట్టి ఉండాలి. అది దాటినా అసలు ముడి మీ వారి ఉద్యోగం దగ్గర ఉంది. ఆయన ఉద్యోగం పోయి పాస్ రద్దయితే మీ పాస్, దానితో పాటు వ్యాపారం చేసే అనుమతి పోతాయి. మామూలుగా 30 రోజులే ఉంటుంది సర్దుకోవడానికి. లీజు మాత్రం రద్దు కాదు. ఉద్యోగాల్లో ఈ రోజుల్లో ఉన్న టెన్షన్ నేను వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో జీతం, వీసా, షాపు మూడూ ఒక్క ఉద్యోగం మీద నిలబెట్టడం నేను ఎవరికీ చెప్పలేని సలహా. మీకు పీఆర్ వచ్చి ఉంటే ఈ జవాబు కొంత వేరుగా ఉండేది.

ఫ్రాంచైజీ ఒప్పందం సంగతి. సింగపూర్‌లో ఫ్రాంచైజీల కోసం ప్రత్యేక చట్టం లేదు. పక్కనున్న మలేషియాలో 1998 నాటి చట్టం ప్రకారం సంతకానికి కనీసం పది రోజుల ముందు వివరాలన్నీ రాతపూర్వకంగా ఇవ్వాలి, సంతకం పెట్టాక మనసు మార్చుకోవడానికి కనీసం ఏడు పనిదినాలు ఉంటాయి. చైనాలో 2007 నుంచి ఉన్న నిబంధన ఇంకా గట్టిది. ఫ్రాంచైజీలు అమ్మాలంటే కంపెనీకి సొంతంగా నడిపిన షాపులు కనీసం రెండు ఉండాలి, అవి ఏడాదికి మించి నడిచి ఉండాలి, 30 రోజుల ముందు వివరాలు ఇవ్వాలి. ఈ చట్టాలు సింగపూర్‌లోని మీ షాపుకు వర్తించవు. కానీ తమ దేశంలో ఇవ్వక తప్పని కాగితాలు మీకు ఇవ్వడానికి వాళ్లకు అడ్డేమిటి? అడగండి. తటపటాయిస్తే అక్కడితో ఆపేయండి.

మీతో మాట్లాడుతున్నది గ్వాంగ్‌డాంగ్ కంపెనీయా, దాని నుంచి సింగపూర్ హక్కులు కొనుక్కున్న మధ్యవర్తా అన్నది కూడా తేల్చుకోండి. మధ్యవర్తి అయితే అతని హక్కులు ఎప్పటిదాకా ఉన్నాయో రాతలో చూడాలి. పేరు అద్దెకు తీసుకున్నవాడి గతి ఏమిటో ఈ టీ వ్యాపారమే చూపించింది. 1828లో మొదలైనట్టు చెప్పుకునే వాంగ్‌లావ్‌జీ పేరును లైసెన్సు మీద తీసుకుని, ఎర్ర డబ్బాల్లో అమ్మి, చైనా అంతటా ఇంటింటికీ చేర్చింది జేడీబీ అనే సంస్థ. 2012 మేలో మధ్యవర్తిత్వ తీర్పు అసలు యజమాని అయిన గ్వాంగ్‌జౌ ఔషధ సంస్థ వైపు వచ్చింది. పేరు వదులుకుని జేడీబీ కొత్త పేరుతో అమ్ముకోవాల్సి వచ్చింది. ఎర్ర డబ్బాను ఇద్దరూ వాడుకోవచ్చని 2017లో సుప్రీం పీపుల్స్ కోర్టు చెప్పింది గానీ పేరు తిరిగి రాలేదు. అంత పెద్ద సంస్థ దగ్గర లాయర్లకు కొదవ లేదు, అయినా అలా జరిగింది. మీ విషయంలో కొంత ఊరట ఏమిటంటే, 2024 ఫిబ్రవరి 1 నుంచి సింగపూర్‌లో ఏడాదికి మించిన షాపు లీజులకు ఒక నియమావళిని చట్టబద్ధం చేశారు. మీ తప్పు లేకుండా ఫ్రాంచైజీ హక్కులు పోతే లీజు ముందే ముగించుకునే వీలు అందులో ఉంది. ఆ నిబంధన మీ లీజులో ఎలా రాశారో లాయరుతో చదివించుకోండి.

మందు పేరుతో అమ్మడం గురించి కూడా ఒక మాట. ఈ టీ షుగర్ తగ్గిస్తుందనో బీపీ తగ్గిస్తుందనో బోర్డు పెట్టమని, వాట్సాప్‌లో పంపమని కంపెనీ చెబితే ఒప్పుకోకండి. సింగపూర్ చట్టం అలాంటి ప్రకటనలను అనుమతించదు, కేసు పడేది షాపు నడిపే మీ మీద. నాడి చూసి టీ రాసిచ్చే పని రిజిస్టరైన చైనీస్ వైద్యులే చేయాలి. కొన్ని మిశ్రమాల్లో అతిమధురం ఉంటుంది, అది ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. ఏ కప్పులో ఏముందో రాసి పెట్టడం మీ బాధ్యత అనుకోండి. చక్కెర సంగతి కూడా ఉంది. 2023 డిసెంబర్ 30 నుంచి అప్పటికప్పుడు కలిపి ఇచ్చే పానీయాలకూ న్యూట్రి-గ్రేడ్ నిబంధనలు, అంటే చక్కెర, సంతృప్త కొవ్వును బట్టి ఏ నుంచి డి దాకా గ్రేడు వేసే పద్ధతి, వచ్చాయి. డి గ్రేడ్ పానీయానికి ప్రకటన ఇవ్వడం నిషేధం. ఎక్కువ అమ్ముడయ్యే తియ్యటి రకాలు ఏ గ్రేడో అడిగి తెలుసుకోండి.

నాన్నగారి డబ్బు దగ్గరికి వస్తాను. ఇండియాలో ఉండేవాళ్లు విదేశానికి ఏడాదికి రెండున్నర లక్షల అమెరికన్ డాలర్ల వరకు పంపవచ్చు కాబట్టి 40 లక్షలు పంపడం కష్టం కాదు. కానీ 10 లక్షలు దాటిన 30 లక్షల మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అంటే 6 లక్షలు. రిటర్న్ వేశాక వెనక్కి వస్తుంది గానీ అప్పటిదాకా ఇరుక్కుంటుంది. ఆ 6 లక్షలు ఆయన విడిగా తేవాలి, లేదంటే మీకు చేరేది తగ్గుతుంది. మీ కంపెనీలో ఆయన పేరున వాటా ఇస్తే అది ఇండియా నుంచి విదేశాల్లో పెట్టే ప్రత్యక్ష పెట్టుబడి కిందికి వస్తుంది, రిజర్వ్ బ్యాంకు ఫారాలు వేరు. బహుమతిగా పంపడమే తేలిక. అయితే ఇదంతా ఎలా పంపాలి అన్నదానికి జవాబు. అమ్మాలా అంటే వద్దు. ఆయన వయసులో ఆ పొలమే ఆధారం, మీ షాపు పోతే ఆయనకు మళ్లీ పొలం కొనిపెట్టే స్థితిలో మీరు ఉండరు.

మీకు ఈ వ్యాపారం మీద నిజంగా మనసుంటే ఇలా చేయండి. ఇంటి ఖర్చుకు తొమ్మిది నెలలకు సరిపడా పక్కన పెట్టండి. మీ 85,000లో అది పోగా మిగిలినదే మీ హద్దు, నా అంచనాలో 40,000 మించదు. ఆ డబ్బుతో మాల్‌లో షాపు రాదు. ప్రైవేటు కాఫీ షాపులో (ఇక్కడ అంటే చాలా తిండి స్టాళ్లు కలిసి ఉండే చోటు) ఒక స్టాల్, తక్కువ కాలపు ఒప్పందంతో, షాపు తయారీకి పెద్ద ఖర్చు లేకుండా దొరుకుతుందేమో వెతకండి. ఈ కంపెనీనే చిన్న కియోస్క్ ఇస్తారా అని అడగండి. ఈలోగా వాళ్ల పాత షాపుల్లో రెండింటి ఎదుట, ఒక మంగళవారం మధ్యాహ్నం, ఒక శనివారం సాయంత్రం కూర్చుని కప్పులు లెక్కపెట్టండి. వర్షాలు ఎక్కువగా ఉండే డిసెంబర్‌లో కూడా లెక్కపెట్టండి. మూసేసిన ఫ్రాంచైజీ యజమాని ఒక్కరితోనైనా మాట్లాడకుండా డబ్బు కట్టకండి. తిరిగి ఇవ్వని రిజర్వేషన్ ఫీజు ఈ వారమే కట్టమని ఒత్తిడి పెడితే కట్టనని చెప్పండి.

తెనాలికి మాత్రం ఈ రోజే ఫోన్ చేయండి. నాన్నగారు ఇంకా ఎవరి దగ్గరా బయానా తీసుకోకపోతే బేరం ఆపమనండి. తీసుకుని ఉంటే ఒప్పందంలో ఏం రాశారో ఫొటో తీసి పంపమని, మళ్లీ సంతకం పెట్టే ముందు అక్కడి లాయరుకు చూపించమని చెప్పండి.